ఏటీ లేదు సారూ!

కొండ దిగి యూనివర్సిటీకి వెళ్ళిన కుర్రాడికి, మగాడంటే నోరు మూసుకునేవాడని ఎవరు నేర్పారు? సీతంపేట సంతలో ఒక టీ గ్లాసు దగ్గర మొదలైన ముచ్చట.

సోమవారం సీతంపేట సంత. అనాసల కాలం కావడంతో రోడ్డుకి అటూ ఇటూ గుట్టలు పోసి ఉన్నాయి. తెల్లారకముందే గూడేల నుంచి కావిళ్ళతో దిగినవాళ్ళు, ఎండెక్కేసరికి వచ్చినకాడికి అమ్మేసి పోదామని చూస్తున్నారు. మైదానం నుంచి వ్యాన్లేసుకొచ్చిన బేరగాళ్ళకి ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్ళు తొందరపడరు. బీడీ ముట్టించి, పండుని వేలితో నొక్కి, పెదవి విరిచి పక్క గుట్టకి నడుస్తారు.

ఒక గుట్ట వెనక తండ్రీ కొడుకూ కూర్చున్నారు. తండ్రి భుజం మీద కావిడిబద్ద ఒరుసుకునే చోట చర్మం కాయకట్టి నల్లగా మెరుస్తోంది. కొడుకు ఒంటిమీద యూనివర్సిటీ పేరున్న టీషర్టు, జీన్సు ప్యాంటు. బేరమంతా కొడుకుదే. తండ్రితో సవరలో, బేరగాడితో తెలుగులో, మధ్యలో ఫోనొస్తే ఎవరో స్నేహితుడితో సగం ఇంగ్లీషులో. మూడు భాషల మీద అంత సులువుగా గంతులేసే కుర్రాణ్ణి చూసి ముచ్చటేసింది. టీకి వచ్చినప్పుడు పలకరించాను.

"ఏం చదువుతున్నావు తమ్ముడూ?"

"ఎమ్మెస్సీ సారూ. ఒక సంవత్సరం అయింది."

"ఎలాగుంది?"

"బాగానే ఉంది."

గ్లాసు అడుగంటేదాకా ఇంకో మాట లేదు. అప్పుడు, నా వైపు కాకుండా అనాసల వైపు చూస్తూ, "రెండు సబ్జెక్టులు పోయాయి సారూ" అన్నాడు. మూడు నెలలుగా నిద్ర సరిగ్గా లేదట. క్లాసుకి పోకుండా హాస్టల్ గదిలో తలుపేసుకుని పడుకున్న రోజులున్నాయట. ఆకలి వేయదు, వేసినా మెస్సు దాకా నడవబుద్ధి కాదు.

"అయ్యకి చెప్పావా?"

"ఏటని చెప్తాను సారూ? మగోడివి, నీకేటి కష్టం అంటాడు. ఆయన మోసే బరువు ముందు నాదేటి?" కాసేపాగి తనే సర్దుకున్నాడు. "ఏటీ లేదు సారూ. ఊరికే అన్నాను."

నేను పరాయివాణ్ణి కాబట్టి చెప్పాడు. మళ్ళీ ఎదురుపడను కాబట్టి చెప్పాడు. అక్కడికి ఇరవై అడుగుల దూరంలో కూర్చున్న తండ్రికి మాత్రం చెప్పలేదు.

ఆరేళ్ళప్పటి పాఠం

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వచ్చేదాకా సీతంపేట శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. సవరలు, జాతాపులు ఎక్కువగా ఉండే కొండలివి. ఇక్కడి పిల్లల్లో చాలామంది చదువు ఆశ్రమ పాఠశాలలోనే మొదలవుతుంది. ఆరేడేళ్ళ వయసులో ఇనప పెట్టె పట్టుకుని వెళ్ళిన పిల్లాడు, రాత్రిపూట అమ్మ గుర్తొచ్చి దుప్పట్లో ఏడిస్తే పక్కవాడు నవ్వుతాడు. ఆ నవ్వుతో మొదటి పాఠం పూర్తవుతుంది. డిగ్రీ అయ్యాక కొందరు ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికో, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీకో, విజయనగరంలో 2019లో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికో వెళతారు. చాలా ఇళ్ళల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ కుర్రాడే. గూడెం మొత్తానికి ఒక్కడే అయినా ఆశ్చర్యం లేదు. అంతమంది ఆశని భుజాన వేసుకున్నవాడు "నా వల్ల కావట్లేదు" అనడానికి ఎంత గుండె కావాలి!

బస్సెక్కేటప్పుడు అమ్మ ఒక్కటే చెబుతుంది: ఒళ్ళు జాగ్రత్త. ఫోన్ చేసినప్పుడు ఒక్కటే అడుగుతుంది: తిన్నావా? ఈ రెండు మాటల్లో తెలుగు తల్లులు పెట్టే ప్రేమ చిన్నది కాదు. కానీ మనసు బాగోలేని కుర్రాడికి ఆ మాటల్లో చొరబడే సందు దొరకదు. "తిన్నాను" అంటాడు. ఫోన్ పెట్టేస్తాడు.

అందుకేనేమో మన మగపిల్లల దిగులు ఎప్పుడూ ఒంటి భాషలోనే మాట్లాడుతుంది. నీరసం, తలనొప్పి, గుండెల్లో గాబరా, గ్యాస్. మందుల షాపు కుర్రాడు ఇచ్చే మాత్ర. ఇంకా లోతుకి పోతే మనం పైకి మాట్లాడుకోని సంగతి ఒకటుంది. ఏ ఊరి రైల్వేస్టేషన్ గోడ చూసినా, బస్టాండు మూత్రశాల చూసినా ఒకే ప్రకటన: నరాల బలహీనత, స్వప్నస్ఖలనం, పెళ్ళికి ముందు సంప్రదించండి. వీర్యం పోతే సత్తువ పోతుందన్న భయంతో కుంగిపోయే యువకుల్ని చూసి, మనోవైద్యుడు నరేంద్రనాథ్ విగ్ 1960లో ఆ స్థితికి 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అలా వచ్చే చాలామందిలో అసలు ఉండేది దిగులు, ఆందోళన. రోగం మగతనానిదని వాళ్ళు అనుకుంటారు, గోడ మీది డాక్టరూ అదే అంటాడు. వాళ్ళు అజ్ఞానంతో, ఆయన వ్యాపారం కోసం.

మరి అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు కదా? హైదరాబాదులో ఎవడైనా తిక్కగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డ పంపాలి" అంటారు. విశాఖలో ఆ గౌరవం చినవాల్తేరుది. ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడుంది. ఆంధ్రా యూనివర్సిటీ హాస్టళ్ళ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. కానీ ఆ పేరుని తరతరాలుగా తిట్టుగా వాడేశాం. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆ గేటులోకి వెళుతూ క్లాస్‌మేటు కంటబడితే, సెమిస్టరంతా అదే పేరుతో పిలిపించుకోవాలి. ఒక ఆసుపత్రిని జోకుగా మార్చిన ఖరీదు అది.

ఫోన్లో దొరికే మగాళ్ళు

డాక్టరు దగ్గరికి వెళ్ళని వాడు ఫోన్ తెరుస్తాడు. అక్కడ కండలు తిరిగిన పెద్దమనిషి ఒకడు ప్రతి ముప్పై సెకన్లకీ ప్రత్యక్షమై, పొద్దున్నే అయిదింటికి లే, చన్నీళ్ళు పోసుకో, బరువులెత్తు, ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టకు, డబ్బు సంపాదించు అని అరుస్తుంటాడు. దీని గురించి అడిగితే సంతలో కుర్రాడు మొదటిసారి నవ్వాడు. "అయిదింటికి లెగడం, చన్నీళ్ళు, బరువులు... మా అయ్య రోజూ చేసేదే కదా సారూ!"

నిజమే. కండలు పెంచడానికి నాకేం అభ్యంతరం లేదు. రోజూ కాస్త ఒళ్ళు అలిసేలా ఆడేవాడికి నిద్ర పడుతుంది, మనసు కాస్త తేలికపడుతుంది. ఆ మాట డాక్టర్లూ ఒప్పుకుంటారు. నా పేచీ ఆ సలహాలన్నీ ఒంటరివి కావడం గురించే. ఒక్కడే పరిగెత్తాలి, ఒక్కడే గెలవాలి. ఇంకో మనిషితో కూర్చుని ఒక మాట అనుకోమని ఆ వీడియోల్లో ఎవరైనా చెప్పగా నేను వినలేదు. ఈ ఒంటరి బాటలోనే ఆన్‌లైన్ రమ్మీ వస్తుంది, లోన్ యాప్ వస్తుంది, శనివారం రాత్రి సీసా వస్తుంది.

సీసా అంటే గుర్తొచ్చింది. తెలుగు తెర మగాడి దుఃఖానికి ఇచ్చిన వేషాలెన్ని? 1953లో దేవదాసు తాగి కృశించాడు. 2017లో అర్జున్ రెడ్డి తాగి కొట్టాడు. అరవై నాలుగేళ్ళలో గడ్డం తీరు మారింది. ఇద్దరిలో ఎవరూ స్నేహితుణ్ణి కూర్చోబెట్టి భయంగా ఉందిరా అనలేదు.

ఆ భయాన్ని రాసిన మనిషి ఒకరున్నారు, కాకపోతే నవలలో. 1969లో వచ్చిన 'అంపశయ్య' కథ మొత్తం ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే కుర్రాడి ఒక్క రోజు, నిద్ర లేచిన దగ్గర్నుంచి ఓ పదహారు గంటలు. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థి. మెస్సు బాకీ, పరీక్షల భయం, అమ్మాయిల ముందు బెరుకు, తనమీద తనకే కోపం, అన్నీ తలలోనే గిరగిరా తిరుగుతుంటాయి. పైకి ఎవరితోనూ చెప్పడు. ఆ నవలతో రచయిత నవీన్ ఇంటిపేరే 'అంపశయ్య' అయిపోయింది. యాభై ఏళ్ళు దాటినా మన యూనివర్సిటీ హాస్టళ్ళలో ఆ మంచం మీద పడుకునేవాళ్ళు మారుతున్నారు తప్ప మంచం ఖాళీ కాలేదు. కొండ నుంచి వచ్చినవాడికి అదనంగా ఇంకో రెండు ముళ్ళు: యాస విని నవ్వేవాళ్ళు, "రిజర్వేషన్‌లో వచ్చావా" అని అడిగేవాళ్ళు.

లెక్కలు కూడా ఒకసారి చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళలో ప్రతి నూటికి 72 మంది దాకా మగవాళ్ళు. విద్యార్థులు 13,044 మంది. విద్యార్థుల్లో అబ్బాయిలు, అమ్మాయిల సంఖ్య దాదాపు దగ్గరదగ్గరగా ఉంది. అంటే చదువుకునే వయసులో ఇద్దరూ ఒకేలా నలిగినా, వయసు పెరిగేకొద్దీ మగవాడి వైపు లెక్క మొగ్గిపోతోంది. ఆ మధ్య ఏళ్ళలో వాడు నేర్చుకున్నదేమిటి? నా మటుకు నాకు జవాబు అనాసల గుట్ట పక్కనే దొరికింది: ఏటీ లేదు సారూ.

నేనూ నేర్చుకున్నవాణ్ణే. డిగ్రీ చదువుతుండగా మా నాన్న పోయారు. గుమ్మంలో అడుగుపెట్టగానే మా పెదనాన్న చెయ్యి పట్టుకుని, "నువ్వేడిస్తే అమ్మనెవరు చూస్తార్రా?" అన్నారు. కట్టెలకి, పాడెకి, వచ్చినవాళ్ళకి కాఫీలకి నన్నే తిప్పారు. పన్నెండు రోజులు లెక్కలు రాశాను. ఆ తర్వాత ఏడాదిపాటు తలనొప్పి. కళ్ళద్దాలు మార్చాను, మాత్రలు మింగాను. ఆ తలనొప్పికీ ఆ లెక్కల పుస్తకానికీ సంబంధముందని నాకు నలభయ్యో ఏట గాని తట్టలేదు.

చచ్చినవాళ్ళతో దెబ్బలాడే జాతి

చిత్రమేమిటంటే, ఆ కుర్రాడి తాతముత్తాతల జాతి దుఃఖాన్ని దాచుకునే జాతి కాదు. బహుశా దుఃఖాన్ని అంత బాహాటంగా మాట్లాడుకున్న మనుషులు లోకంలోనే అరుదు.

సీతంపేట కొండలకి అవతల, వంశధార దాటి ఒడిశాలోకి వెళితే సవర (అక్కడ 'సొర') గూడేలు. 1975లో పియర్స్ విటెబ్‌స్కీ అనే ఇంగ్లీషు విద్యార్థి అక్కడికి వెళ్ళి, వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళతో ఉండి చూశాడు. చనిపోయినవాళ్ళతో వాళ్ళ సంభాషణల మీద 1993లో ఒక పుస్తకం రాశాడు. అతను చూసింది ఇది. ఇంట్లో ఒకరు పోయాక, పూనకం వచ్చే స్త్రీ కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఆమె ప్రాణం పాతాళానికి దిగిపోతుంది. ఖాళీ అయిన ఆమె నోటిలోంచి చనిపోయినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాట్లాడతారు. చుట్టూ బతికున్నవాళ్ళు చేరతారు, మగా ఆడా తేడా లేకుండా. వైద్యం ఎందుకు చేయించలేదని చచ్చిపోయిన తండ్రి నిలదీస్తాడు. డబ్బు ఎక్కడిది, నీకోసం మేకనమ్మలేదా అని కొడుకు ఎదురుతిరుగుతాడు. కసురుకుంటారు, వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తారు, మధ్యలో పాత హాస్యమేదో తలచుకుని పగలబడి నవ్వుతారు. ఒక రోజుతో అయిపోదు. ఇలా కొన్నేళ్ళు. మొదట్లో ఆ చనిపోయినవాడు కోపంతో ఉంటాడు, తను పోయిన జబ్బునే బతికున్నవాళ్ళకి అంటిస్తాడని భయం. మాట్లాడగా మాట్లాడగా మెత్తబడతాడు. చివరికి పెద్దల్లో కలిసి, పుట్టిన బిడ్డకి తన పేరిస్తాడు.

దుఃఖం మీద ఫ్రాయిడ్ రాసిన దానికి పక్కన ఈ సంభాషణల్ని పెట్టి చూశాడు విటెబ్‌స్కీ. పోయినవాళ్ళ నుంచి మనసుని లాక్కుని ముందుకు సాగమంటాడు ఫ్రాయిడ్. సవర మనిషి పోయినవాళ్ళతో ఇంకా మాట్లాడాల్సింది ఉందంటాడు. ఏది మంచిదో తేల్చడం నా పని కాదు. కానీ పన్నెండు రోజులు కట్టెల లెక్క రాసిన నాకు, నాన్నతో ఒక్కసారి దెబ్బలాడే అవకాశమిచ్చి ఉంటే నేను కాదనేవాణ్ణి కాదు.

దీన్ని మరీ ఆకాశానికెత్తను. ఆ పద్ధతిలో భయముంది, బలులకి అయ్యే అప్పుంది. కొత్త తరం చర్చిలవైపు, గుళ్ళవైపు మళ్ళి ఆ సంభాషణల్ని వదిలేసిన తీరునే విటెబ్‌స్కీ 2017లో ఇంకో పుస్తకంగా రాశాడు. కొండకి ఇటువైపు సవర గూడేల్లో ఆచారాలు ఊరూరికీ వేరు. కొండమీద మగాళ్ళంతా మనసు విప్పి మాట్లాడేస్తారనుకుంటే పొరపాటు. సారా వాళ్ళ నోరూ మూయించింది. పైగా ఈ కొండలకి మరో రకం మగాడు కూడా ఆదర్శంగా నిలబడ్డాడు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని కాల్చి చంపాక రాజుకున్న శ్రీకాకుళ పోరాటం, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు ఉపాధ్యాయ నాయకుల మరణంతో పెద్ద దెబ్బ తిన్నది. వాళ్ళ ధైర్యం మీద పాటలున్నాయి. ఆ రోజుల్లో గూడేల్లో మగవాళ్ళు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపారో చెప్పే పాట మాత్రం నేనెప్పుడూ వినలేదు.

ఇంతకీ సవరల మాట చెవిపెట్టి విన్న తెలుగువాడెవరు? గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కట్టారు. ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడిని తినేసింది. ఆయన పుట్టినరోజున, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆయన చెవులు ఎవరి మాట వినడానికి వెళ్ళి పోయాయో ఆ సభల్లో ఎవరూ ఎత్తరు.

ఎవరి దగ్గర కూర్చోవాలి?

ఇప్పుడు చట్టం తన వంతు కదిలింది. 2023లో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలిమానస్ వంటి సహాయ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో కనబడేలా రాయాలి. టెలిమానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది. ఏ వేళప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ చేసిన సంగతి క్లాస్‌మేటుకి తెలియదు, చినవాల్తేరు గేటూ దాటక్కర్లేదు. సంతలో కుర్రాడికి నంబరు చెబితే ఫోన్లో వేసుకున్నాడు. ఏ పేరుతో వేసుకున్నాడో చూశాను: 'మెస్ అన్న'.

లక్ష జనాభాకి ఒక్క మనోవైద్యుడైనా లేని దేశం మనది. ప్రతి కాలేజీకి కౌన్సెలర్ రావడం మంచిదే, కానీ ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది నా అనుమానం. లెక్కల మాస్టారికే ఇంకో బోర్డు తగిలిస్తే పిల్లాడు వెళ్ళడు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు 2006లో ఇదే కొరతకి ఒక ఉపాయం కనిపెట్టాడు. వాడలోని అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చి, ఆసుపత్రి ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టాడు. దిగులుకి వాళ్ళు వాడిన మాట డాక్టర్ల మాట కాదు, వాళ్ళ షోనా మాట 'కుఫుంగిసిస'. అతిగా ఆలోచించడం అని దానర్థం. మన వాళ్ళూ అదే కదా అంటారు, "వాడికి ఆలోచనలెక్కువయ్యాయి" అని! ఆ బల్లల మీద కూర్చున్నవాళ్ళకి దిగులు తగ్గిందని 2016లో అచ్చయిన పరీక్ష తేల్చింది.

సీతంపేట కుర్రాడికి కావలసిన మనిషి కూడా అంతకంటే పెద్దవాడేం కాదు. పై ఏడాది చదివే సవర అన్న, రెండు సబ్జెక్టులు పోయి మళ్ళీ రాసి గట్టెక్కినవాడు, వారానికో సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చుంటే చాలు. అలాంటి అన్నలకి నాలుగు రోజుల శిక్షణ, కాస్త భృతి ఇవ్వడం యూనివర్సిటీలకి భారం కాదు. సవరలో మాట్లాడుకునే వీలుంటుంది. ఎంత తెలుగొచ్చినా, ఏడుపు తల్లిభాషలోనే వస్తుంది. మాటలతో తీరని స్థితి వస్తే, నాలుగు రోజులు అన్నం నీళ్ళు ముట్టకపోయినా, చావు మాటెత్తినా, ఆ అన్నే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆ అన్నని దాటి పోవాల్సిన చోటు అదొక్కటే.

మధ్యాహ్నం రెండు దాటేసరికి సంత పలచబడింది. పాలకొండ బస్సు వచ్చింది. నేనెక్కాను. కుర్రాడు కిటికీ పక్కన కూర్చున్నాడు, కాళ్ళ దగ్గర గోనెసంచిలో హాస్టలుకి తీసుకెళ్ళే ఆరు అనాసలు. తండ్రి బయట నిలబడి, నడుం దగ్గర మూట విప్పి, మడతలు పడిన నోట్లు కిటికీలోంచి అందించాడు. అన్నీ పదులు, ఇరవైలు. కుర్రాడు వాటిని చూశాడు. లెక్కపెట్టలేదు. వంగి, కిటికీ ఊచల్లోంచి సవరలో ఏదో అన్నాడు. చిన్నమాటే. ఇంజను రొదలో తండ్రికి అందలేదు. చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కుర్రాడు మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. సవర రాని నాకు అందులో ఒక్క మాట తెలిసింది: "సబ్జెక్టులు."

తండ్రి ఒక్క క్షణం అలాగే నిలబడ్డాడు. బస్సు కదులుతుండగా వెనక తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఓ పెద్దాయనా! ఆ బద్ద లోపలికి రాదు" అని కండక్టర్ అరిచాడు.

ఆయన కావిడిబద్దని టీ దుకాణం గోడకి ఆనించేసి ఎక్కాడు. కొడుకు అనాసల సంచిని కాలితో లోపలికి నెట్టి, పక్కకి జరిగాడు.

"ఎక్కడికి?" అన్నాడు కండక్టర్.

"పాలకొండ దాకా."